పాఠకుల ప్రశ్నలు: వలలో తాబేలు పడితే

ప్రశ్న: చలికాలంలో సూర్యలంక వెళ్లినప్పుడల్లా ఒడ్డున చచ్చిపడిన తాబేళ్లు కనిపిస్తున్నాయి. ఒంటి మీద గాయం ఉండదు. నీళ్లు పాడైపోయి చనిపోతున్నాయా?
— పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: గాయం లేకపోవడమే ఇక్కడ పెద్ద ఆనవాలు. మన తీరానికి అలా కొట్టుకొచ్చేవాటిలో చాలావరకు వలలో చిక్కి ఊపిరాడక పోయినవే. సముద్ర తాబేలుకు చేపలాగా మొప్పలుండవు. గాలి కోసం నీటిపైకి రావాల్సిందే. కదలకుండా విశ్రాంతిగా ఉంటే గంటకు పైగా అడుగున ఉండగలదు కదా, వల లాగే ఆ కాసేపు ఓర్చుకోలేదా అని చాలామందికి సందేహం. ఓర్చుకోలేదు. వలలో పడ్డ తాబేలు ఊరుకోదు, పెనుగులాడుతుంది. ఒంట్లో ఉన్న ప్రాణవాయువు చూస్తుండగానే ఖర్చయిపోతుంది. కండరాల్లో, రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. పిల్ల తాబేలైతే ఇంకా త్వరగా పోతుంది: ఒంట్లో పట్టే గాలి తక్కువ, అది ఖర్చయ్యే వేగం ఎక్కువ.

అయితే కుళ్లిన కళేబరాన్ని చూసి కారణం ఇదేనని తేల్చేయకూడదు. అది పశువైద్యుడు శవపరీక్ష చేసి చెప్పాల్సిన మాట. డిప్ప మీద వరసగా లోతైన కోతలుంటే బోటు పంకా తగిలిందని అనుకోవచ్చు.

చలికాలంలోనే ఎందుకంటే, ఆలివ్ రిడ్లే తాబేళ్లు జతకట్టడానికి, గుడ్లు పెట్టడానికి తీరానికి దగ్గరగా వచ్చే కాలం అది. డిసెంబరు నుంచి మార్చి దాకా ఇక్కడే తిరుగుతాయి. రొయ్యల కోసం మరబోట్లు తిరిగేదీ ఆ నీళ్లలోనే. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. అది చేపలు గుడ్లు పెట్టే కాలాన్ని చూసి పెట్టిన నిషేధం. అప్పటికి తల్లి తాబేళ్లలో ఎక్కువ భాగం వెళ్లిపోతాయి. ఆ సెలవు వల్ల మేలు జరిగేది ఆలస్యంగా గుడ్లు పగిలి సముద్రంలో దిగే పిల్లలకు. తల్లులను కాపాడాల్సింది తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదన్న మన రాష్ట్ర నిబంధన. ఆ ఒక్కటి జనవరి, ఫిబ్రవరి నెలల్లో గట్టిగా అమలైతే మీరు ఒడ్డున చూసే కళేబరాలు బాగా తగ్గుతాయని మా నమ్మకం.

ప్రశ్న: అటవీశాఖ ఏటా వేల సంఖ్యలో తాబేలు పిల్లలను సముద్రంలోకి వదులుతోంది. మా బడి పిల్లలను తీసుకెళ్లి చూపించాం కూడా. అన్ని వెళుతుంటే వలల్లో కొన్ని పోయినంత మాత్రాన ఏమవుతుంది?
— ఉపాధ్యాయుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మాకు వచ్చిన ప్రశ్నల్లో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. నారుమడిలో నాలుగు మొక్కలు పోవడం వేరు, పొట్ట మీదున్న చేను పోవడం వేరు. తాబేళ్ల లెక్క కూడా అంతే.

ఒక ఆలివ్ రిడ్లే గూడుకు 100 నుంచి 120 గుడ్లు పెడుతుంది. ఇసుక వేడికి 45 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి. బయటికొచ్చిన పిల్ల డిప్ప పొడవు 4 సెంటీమీటర్లు, బరువు 20 గ్రాముల లోపు. ఎండ్రకాయలు, కాకులు, కుక్కలు, నీళ్లలోకి దిగాక చేపలు దాన్ని తింటాయి. అది ప్రకృతి లెక్కలో ఉన్న నష్టమే, అన్ని గుడ్లు పెట్టేదీ అందుకే. కానీ ఆ గండాలన్నీ దాటి, డిప్ప గట్టిపడి, పళ్లెమంత, చాటంత అయిన తాబేలుకు శత్రువులు చాలా తక్కువ. గుడ్లు పెట్టే ఈడు రావడానికి పదిహేనేళ్ల దాకా పడుతుంది. పన్నెండో ఏట అది వలలో పోయిందంటే, వందల పిల్లల్లోంచి మిగిలిన ఒక్కటీ పోయినట్టు. దాని వెనక పన్నెండేళ్ల నష్టం ఉంది. దాన్ని మళ్లీ పూడ్చడానికి ఎన్ని గూళ్లు కాపాడాలో మీ పిల్లలతో లెక్క వేయించండి.

ఈ లెక్కను 1987లో అమెరికా శాస్త్రవేత్తలు లాగర్‌హెడ్ తాబేళ్ల మీద వేసి చూశారు. గుడ్లన్నిటినీ నూటికి నూరు పాళ్లు కాపాడినా సంఖ్య తగ్గుతూనే పోయింది. ఎదిగే వయసు తాబేళ్ల చావులు తగ్గిస్తే మాత్రం సంఖ్య పెరగడం మొదలైంది. అక్కడ ట్రాల్ వలలకు (మరబోటు వెనక లాగే సంచి వలలకు) తాబేళ్లు బయటపడే దారి పెట్టాలన్న పట్టుదలకు ఈ లెక్క గట్టి ఆధారమైంది.

గుడ్ల సంరక్షణ వృథా అని మేం అనడం లేదు. కుక్కల పాలయ్యే గూళ్లను కాపాడుతున్న వాచర్లు చేసేది కష్టమైన పని, కావాల్సిన పని. కాని అది మొదటి మెట్టు మాత్రమే. ఇంకొక్క మాట, బడి పిల్లలను తీసుకెళ్లేవాళ్లకు: పుట్టిన పిల్ల ఒంట్లో మిగిలిన పచ్చసొన బలంతో ఒక రోజు పైగా ఆగకుండా సముద్రం లోపలికి ఈదుతుంది. తీరం దగ్గరి చేపల నోటికి చిక్కకుండా దూరం పోవడానికి దానికున్న పెట్టుబడి అదొక్కటే. ముఖ్య అతిథి వచ్చేదాకా, ఫొటోలు పూర్తయ్యేదాకా తొట్టెల్లో ఉంచితే ఆ బలం తొట్టె గోడలకు కొట్టుకోవడంలోనే అయిపోతుంది. వచ్చినవి వచ్చినట్టు, తెల్లవారుజామునో పొద్దుగూకాకో వదలాలి.

ఆ తర్వాత అవి ఎక్కడ పెరుగుతాయన్నది కూడా తెలిసి ఉండాలి. ప్రవాహాల వెంట, తేలే నాచు చెంత ఏళ్ల తరబడి నడిసముద్రంలో తిరుగుతాయి. మాల్దీవుల దగ్గర తెగి కొట్టుకుపోయే పాత వలల్లో చిక్కి దొరుకుతున్న తాబేళ్లలో ఎక్కువ భాగం ఎదగని ఆలివ్ రిడ్లేలే. వాటి జన్యువులను పరీక్షిస్తే శ్రీలంక, భారత తూర్పు తీరాల్లో పుట్టిన సంతతి అని తేలింది. అంటే మన ఇసుకలో పుట్టిన పిల్ల ఎవరో పారేసిన వల ముక్కలో అక్కడ చిక్కుకోవచ్చు.

ప్రశ్న: మా బావమరిది నిజాంపట్నంలో మరబోటు సరంగు. వల ఎత్తినప్పుడు తాబేలు కదలకుండా ఉంటే చచ్చిందనుకుని నీళ్లలోకి తోసేస్తారట. కొందరు వెల్లకిలా పడేసి పొట్ట మీద నొక్కుతారట. సరైన పద్ధతి ఏది?
— పాఠకుడు, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: రెండూ తప్పే. కదలని తాబేళ్లలో చాలావాటికి ఇంకా ప్రాణం ఉంటుంది, స్పృహ మాత్రమే ఉండదు. స్పృహ లేనిదాన్ని నీళ్లలో వేస్తే తల పైకెత్తలేక అప్పుడు నిజంగానే మునిగి చస్తుంది. వెల్లకిలా వేస్తే లోపలి అవయవాల బరువు ఊపిరితిత్తుల మీద పడుతుంది, ఎందుకంటే తాబేలుకు ఊపిరితిత్తులు వీపు డిప్పకు ఆనుకుని ఉంటాయి. పొట్ట నొక్కడం వల్ల నీళ్లు బయటికి రావు, ఉన్న కాస్త గాలిదారీ మూసుకుపోతుంది.

మీ బావమరిదికి ఇలా చెప్పండి. వల సంచిని డెక్కు మీద ఎత్తు నుంచి ఒక్కసారిగా వదలొద్దు, డిప్ప పగులుతుంది. తాబేలును తెడ్డు కాళ్లు పట్టి ఎత్తొద్దు. మెడ వెనకా తోక పైనా డిప్ప అంచులు పట్టుకుని ఇద్దరు ఎత్తాలి. పెద్దది 40 కిలోల దాకా ఉంటుంది. పొట్ట కిందికి ఉండేలా పడుకోబెట్టి, వెనక భాగం కింద తాడుచుట్టో పాత టైరో పెట్టి కనీసం 15 సెంటీమీటర్ల ఎత్తు చేయాలి. తల పల్లంగా ఉంటే ఊపిరితిత్తుల్లోని నీరు నోటి గుండా దానంతటదే కారుతుంది. పిల్ల తాబేలుకు అంత ఎత్తు అక్కర్లేదు, దాని సైజును బట్టి తగ్గించాలి. మధ్యమధ్యలో డిప్ప అంచు పట్టుకుని ఒకవైపు ఏడెనిమిది సెంటీమీటర్లు లేపి దించి, తర్వాత రెండోవైపు లేపి దించాలి.

నీడలో ఉంచాలి. తల, డిప్ప, కాళ్ల మీద తడిగుడ్డ కప్పాలి, ముక్కు రంధ్రాలు మాత్రం మూయకూడదు. నీళ్ల తొట్టెలో పెట్టకూడదు. ఐసు పక్కనా వద్దు, ఇంజను వేడి తగిలేచోటా వద్దు. సుమారు మూడు గంటలకోసారి కనురెప్ప మీద మెల్లగా తాకి, తోక గిల్లి చూడాలి. ఏ కాస్త కదలిక కనిపించినా బతికే ఉన్నట్టు. తేరుకోవడానికి కనీసం నాలుగు గంటలు, ఒక్కోసారి 24 గంటలు పడుతుంది. 24 గంటలైనా ఏ స్పందనా లేకపోతేనే చనిపోయిందనుకోవాలి.

తల ఎత్తి బలంగా ఊపిరి తీస్తూ కాళ్లు ఆడిస్తుంటే వదలొచ్చు. ఇంజను న్యూట్రల్‌లో పెట్టి, వల నీళ్లలో లేనప్పుడు, వేరే బోట్లు వల లాగుతున్న చోటుకు దూరంగా, నీళ్లకు వీలైనంత దగ్గరి నుంచి తల ముందు దిగేలా జార్చాలి. దూరంగా అని ఊరికే అనడం లేదు. రక్తంలో పేరుకున్న ఆమ్లం పూర్తిగా తగ్గడానికి చాలా గంటలు పడుతుంది. అది తగ్గకముందే రెండో వలలో పడితే మొదటిసారి ఓర్చుకున్నంత సేపు కూడా ఓర్చుకోదు. పైగా లోతు నుంచి వేగంగా పైకి లాగిన తాబేళ్లలో డైవర్లకు వచ్చినట్టే రక్తంలో గాలి బుడగలు ఏర్పడతాయని 2014లో స్పెయిన్ పశువైద్యులు నిరూపించారు. హుషారుగా ఈదుకుంటూ వెళ్లినది కూడా తర్వాత చనిపోవచ్చు. అందుకే అన్నిటికంటే మేలైన మందు వలను తొందరగా ఎత్తడం. అమెరికాలో తాబేళ్లు దాటిపోయే పరికరం అక్కర్లేని కొన్ని వలలకు ఒక్కో విడత లాగే సమయం ఎండాకాలంలో 55 నిమిషాలు, చలికాలంలో 75 నిమిషాలు మించకూడదని నిబంధన. గంట దాటే కొద్దీ చావులు బాగా పెరుగుతాయి. రెండు మూడు గంటలు లాగిన వలలో తాబేలు బతికి ఉంటే అది దాని అదృష్టం.

కేసవుతుందన్న భయంతోనే కొందరు గబగబా తోసేస్తున్నారు. సముద్ర తాబేళ్లన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న మాట నిజం. పట్టి ఉంచుకోవడం, చంపడం, గుడ్లో మాంసమో అమ్మడం నేరం, మూడు నుంచి ఏడేళ్ల జైలు. అనుకోకుండా పడ్డదాన్ని బతికించి వదలడం ఆ చట్టం కోరేదానికి అనుకూలమైన పని. కూర్మావతారమని దండం పెట్టి వదిలే అలవాటు మన మత్స్యకారుల్లో ఎప్పటి నుంచో ఉంది. దానికి ఈ నాలుగు గంటల ఓపిక తోడైతే చాలు.

ప్రశ్న: ట్రాల్ వలకు తాబేళ్లు బయటపడే చట్రం పెట్టమంటున్నారు. పెడితే రొయ్యలు పోతాయని మా బోటు వాళ్ల భయం. నిజంగా పోతాయా? చిన్న తాబేళ్లు కూడా దాని గుండా బయటపడతాయా?
— బోటు యజమాని, గుంటూరు

జవాబు: దీన్ని అందరూ టెడ్ అంటున్నారు, మేమూ ఆ పేరే వాడతాం. వల గొట్టానికీ చివరి సంచికీ మధ్య ఏటవాలుగా కుట్టే స్టీలు ఊచల చట్రం ఇది. రొయ్యలు, చిన్న చేపలు ఊచల సందుల్లోంచి సంచిలోకి పోతాయి. తాబేలు ఊచలకు తగిలి, నీటి తోపుకు వాటి వెంబడి జారి, చివర ఉన్న కంత గుండా బయటికి పోతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన బోట్లకు తగ్గట్టు చేసిన టెడ్ 1000 మిల్లీమీటర్లు, 800 మిల్లీమీటర్ల కొలతల కోడిగుడ్డు ఆకారం చట్రం. ఊచల మధ్య 142 మిల్లీమీటర్లు, కంత పైవైపు. సంస్థ పరీక్షల్లో రొయ్యల నష్టం ఒక శాతం లోపు, మిగతా చేపల్లో మూడు శాతం అటూఇటూ తేలింది.

ఆ ఫలితం సరిగ్గా బిగించిన చట్రానిది. "పెట్టాం, సగం రొయ్యలు పోయాయి" అనేవాళ్ల వలలు చూస్తే తప్పు సాధారణంగా వాలులో ఉంటుంది. చట్రం 45 డిగ్రీలకు అటూఇటూ వాలి ఉండాలి. పైన కంత ఉన్న రకంలో చట్రం కింది అంచు వల నోటివైపు, పై అంచు సంచివైపు ఉండాలి. 55 డిగ్రీలు దాటి నిటారుగా ఉంటే తాబేలు జారదు, ఊచలకు అతుక్కుని అక్కడే చస్తుంది, దాని వెనక చెత్త పేరుకుని రొయ్యలకూ దారి మూసుకుపోతుంది. 30 డిగ్రీల కంటే పడుకుంటే నీటి ఒరవడి కంత వైపు మళ్లి రొయ్యలను బయటికి తోసేస్తుంది. కొత్త వల మొదటి కొన్ని వేటల్లో సాగుతుంది, దాంతో వాలు మారుతుంది. జెట్టీ మీద వలను వేలాడదీసి, అంచుకు కోణమాపకం ఆనించి, మొదటి నెలలో వారానికోసారి కొలవండి. చట్రం బరువుకు వల అడుగుకు ఒరగకుండా పై భాగాన బుడ్లు కట్టాలి, అవి కంతకు అడ్డం రాకూడదు. కంత మీది మూత ముందువైపు మాత్రమే కుట్టి ఉండాలి. దారంతో మూత చుట్టూ బిగించేసి తనిఖీకి చూపించే టెడ్ కన్నా అది లేకపోవడమే నయం, ఎందుకంటే తాబేలు ఆ చట్రం దగ్గరే ఇరుక్కుపోతుంది. వల ఎత్తిన ప్రతిసారీ ఊచల మధ్య చిక్కిన నాచు, ప్లాస్టిక్, కొమ్మలు తీసేయాలి.

మీ రెండో ప్రశ్నకు సూటిగా చెప్పాలంటే, చాలా చిన్నవి బయటపడవు. ఊచల సందు 14 సెంటీమీటర్లయినప్పుడు ఒళ్లు అంతకంటే సన్నగా ఉన్న తాబేలు రొయ్యలతో పాటే సంచిలోకి పోతుంది. అమెరికాలో మామూలు ట్రాల్ వలలకు సందు 10 సెంటీమీటర్లు. తక్కువ లోతులో లాగే స్కిమ్మర్ వలల్లో పిల్ల తాబేళ్లు ఆ సందులోంచి కూడా దూరిపోతున్నాయని గమనించి, 40 అడుగులు, ఆపైన ఉన్న ఆ బోట్లకు 2021 నుంచి ఏడున్నర సెంటీమీటర్ల సందు తప్పనిసరి చేశారు. మన తీరం దగ్గర ట్రాల్ వలల్లో పడేవి ఎక్కువగా పెద్ద ఆలివ్ రిడ్లేలు కాబట్టి ఈ టెడ్ పని చేస్తుంది. పిల్లలున్న నీళ్లలో మాత్రం టెడ్ ఉన్నా సరే, గంట లోపే వల ఎత్తాలి.

ప్రశ్న: ట్రాల్ వల కాదు, మావాళ్లవి గిల్ వలలు, గాలాలు. వాటికేం చేయాలి?
— పాఠకుడు, రాణిగారితోట, విజయవాడ

జవాబు: నీళ్లలో గోడలా నిలిపి వదిలే గిల్ వలలో ప్రధానమైన కష్టం వల నీళ్లలో ఉండే సమయం. రాత్రంతా వదిలేసి పొద్దున తీస్తే చిక్కిన తాబేలు బతకదు. తోకకు ముల్లుండే టేకు చేపల కోసం వేసే పెద్ద కన్నుల వలలు మరీ ప్రమాదం, గుడ్లు పెట్టే కాలంలో వాటిని తీరానికి దగ్గరగా వేయకపోవడమే మంచిది. పెరూలోని సెచురా అఖాతంలో పైతాడుకు 10 మీటర్లకో పచ్చ ఎల్ఈడీ దీపం కట్టి చూస్తే పచ్చ తాబేళ్లు పడటం 60 శాతానికి పైగా తగ్గింది, కావాల్సిన చేప తగ్గలేదు.

గాలాలకైతే జె ఆకారపు కొక్కెం బదులు కొన లోపలికి తిరిగిన గుండ్రటి కొక్కెం, స్క్విడ్ ఎర బదులు చేప ఎర వాడాలి. గుండ్రటిది సాధారణంగా నోటి మూలలో గుచ్చుకుంటుంది, గొంతు దాకా పోదు. మింగేస్తే లాగొద్దు, పేగులు చిరుగుతాయి. దారాన్ని కొక్కేనికి వీలైనంత దగ్గరగా కోసి వదిలేయండి. దారం పొడుగ్గా మిగిలితే కొక్కెం కంటే అదే ఎక్కువ చంపుతుంది, పేగులను ముడత పెట్టేస్తుంది. ఒడ్డు మీదికి లాగే అలివి వలలో పడ్డది ఒడ్డుకు బతికే వస్తుంది, నేరుగా నీళ్లలోకి పంపేయడమే.

ప్రశ్న: తాబేళ్లకు హాని లేని రొయ్యలు కొనాలంటే మార్కెట్లో ఏవి అడగాలి?
— గృహిణి, గాంధీనగర్, విజయవాడ

జవాబు: చెరువు రొయ్య, అంటే వనామి, ఏ ట్రాల్ వలలోంచీ రాదు. అమెరికా 2019 నుంచి మన సముద్రపు రొయ్యను కొనకుండా ఆపింది టెడ్‌లు లేవన్న కారణంతోనే, చెరువు రొయ్యకు ఆ అడ్డు లేదు. సముద్రపు రొయ్యే కావాలంటే ఏ బోటుదని అడగండి. అమ్మేవాళ్లకు తెలియకపోవచ్చు. పది మంది అడిగితే తెలుసుకుంటారు.

ప్రశ్న: మా అబ్బాయి బీచ్‌లో దొరికిందని తాబేలు పిల్లను సీసాలో ఇంటికి తెచ్చాడు. ఇక్కడ బందరు కాలువలో వదిలితే సరిపోతుందా?
— పాఠకురాలు, కృష్ణలంక, విజయవాడ

జవాబు: వద్దమ్మా, కాలువలోనూ కృష్ణలోనూ వదలొద్దు. ముందు కాళ్లు చూడండి. వేళ్లూ గోళ్లూ విడిగా కనిపించకుండా తెడ్డుల్లా పొడుగ్గా ఉండి, తలా కాళ్లూ డిప్పలోకి ముడుచుకోలేకపోతే అది సముద్రపు పిల్లే. మంచినీళ్లలో బతకదు. వేళ్ల మధ్య పొర ఉండి, ముడుచుకుని మూతపడుతుంటే నదీ తాబేలు, అదీ చట్టం కాపాడే జీవే.

సీసాలోంచి ఇప్పుడే తీయండి. గాలి ఆడే అట్టపెట్టెలో తడి ఇసుకో తడిగుడ్డో పరిచి, నీడలో, చీకటిగా ఉంచండి. నీళ్లు పోయొద్దు, ఈదడం మొదలుపెట్టి అలిసిపోతుంది. మెతుకులు, రొయ్యపొట్టు ఏమీ పెట్టొద్దు. పచ్చసొన ఇంకా ఒంట్లో ఉంటుంది కాబట్టి ఆకలితో చావదు. వెంటనే అటవీశాఖ కార్యాలయానికి ఫోను చేసి విషయం ఉన్నదున్నట్టు చెప్పండి. వాళ్లు తీసుకెళ్లి చీకటి పడ్డాక ఇసుక మీద, అలకు కొన్ని అడుగుల ఇవతల వదులుతారు. మీ అబ్బాయిని కూడా తీసుకెళ్లనిస్తారేమో అడగండి. పిల్లను చేత్తో నీళ్లలో వేయకుండా, దానంతటది నడిచి వెళ్లనివ్వాలి. సెల్‌ఫోను లైటు వేస్తే అది సముద్రం వదిలేసి లైటు వైపు తిరుగుతుంది, అందుకని ఆ కాసేపు ఫోను జేబులోనే ఉండనివ్వమనండి.